కుడి స్పీకరు మీద గుంట

మా హాల్లో కుడిపక్క స్పీకరు నడిమధ్యన బొటనవేలంత గుంట ఉంది. ఆ గుంట చూసి నేను ఒక ఆరేళ్ళ పిల్ల మీద నేరం మోపాను. ఇరవయ్యేళ్ళ స్నేహితుణ్ణి నొప్పించాను. దాన్ని పైకి లేపడం ఎలాగా అన్న ధ్యాస తప్ప మరోటి లేకుండా తొమ్మిది రోజులు తిరిగాను. ఆ తొమ్మిది రోజులూ మా ఆవిడ కాత్యాయని కళ్ళు నా ఎదురుగానే పాడవుతున్నాయి. ఇంకొన్ని వారాలు ఆగి ఉంటే రెండో కన్ను కూడా దక్కేది కాదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాణ్ణే, కాదనను. ఒక చెయ్యి మిగిలుండగా పట్టుకున్నాను, అంతే తేడా.

నా పేరు జనార్ధనరావు. మా తాత విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చి సింగపూర్ రేవులో మూటలు మోశాడు. మా నాన్న అదే రేవులో క్రేను తోలాడు. నేను తంజోంగ్ పగార్‌లో క్రేన్లకు ముప్పై ఒక్కేళ్ళు కరెంటు పని చేసి రిటైరయ్యాను. ఇప్పుడు బిషాన్‌లో, ఏడో అంతస్తు ఫ్లాట్‌లో, ఆవిడా నేనూ. ఒక్కతే కూతురు నళిని, రాఫెల్స్ ప్లేస్‌లో ఉద్యోగం, కాపురం వేరే.

ఇక స్పీకర్లు. పెళ్ళయిన రెండో ఏడు కొన్నాను. నడుమెత్తు చెక్క పెట్టెలు రెండు. ముందు నల్ల గుడ్డ బిగించిన చట్రం ఉంటుంది. అది ఊడదీస్తే లోపల నల్ల కాగితపు గరాటు, దాని నడుమ బోర్లించిన చిన్న గిన్నెలాంటి టోపీ. లోపలికి దుమ్ము పోకుండా ఆపడమే ఆ టోపీ పని. పాటకు దాంతో పెద్దగా పనిలేదు. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను. అయినా వాటి మీద ఎవరైనా కాఫీ కప్పు పెడితే నా ప్రాణం కప్పుతోపాటు ఊగేది. మా ఆవిడ వాటిని 'నా సవతులు' అంటుంది. ఇద్దరు సవతులతో ఇన్నేళ్ళు వేగినదాన్ని నేనొక్కదాన్నే అని చుట్టాల ముందు చెప్పి నవ్వుతుంది.

మహర్నవమినాడు పనిముట్లకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకోవడం మా తాత ఓడలో తెచ్చుకున్న అలవాటు. ఆయన మూటలెత్తే కొక్కేనికి పెట్టాడు. నాన్న క్రేను తాళంచేతికి పెట్టాడు. నేను టెస్టరుకీ స్క్రూడ్రైవర్లకీ పెట్టించేవాణ్ణి. రిటైరయ్యాక ఆ పెట్టె స్టోర్ రూములో మూల పడింది. "ఇంక నాకు ఆయుధాలేవీ లేవు, పూజ దేనికి చెయ్యను?" అన్నాను ఆ ఏడు. "పొద్దస్తమానం వీటి ముందేగా కూర్చుంటారు, ఇవే మీ ఆయుధాలు" అని కాత్యాయని స్పీకర్లకు పెట్టింది. గుడ్డకు పైన రెండు వేళ్ళ వెడల్పున చెక్క ఉంటుంది. ముత్తైదువ నొసటి మీద పెట్టినట్టు దాని మీద గంధం చుక్క, చుక్క మీద కుంకుమ. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా గుడ్డకు అంటలేదు.

పోయినేడు నవమి శుక్రవారం పడింది. ముందురోజు నేను దుమ్ము దులుపుతుంటే కుడిదాని గుడ్డ మీద మరక కనిపించింది. ఊరుకోలేను కదా. చట్రం ఊడదీసి సబ్బునీళ్ళతో తుడిచి కారిడార్లో ఆరబెట్టాను. రోజూ వాన, అది ఒక పట్టాన ఆరలేదు. మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మా ఆవిడ బొట్లు పెట్టడం ముగించి దీపం వెలిగిస్తోంది. దణ్ణం పెట్టుకున్నాను. ఎడమ స్పీకరు చెక్క మీద బొట్టు ఉంది. కుడిదాని మీద లేదు. అది నా కంటికి ఆనలేదు.

ఆ సాయంత్రం అబ్దుల్ ఖాదిర్ వచ్చాడు. హైదరాబాదువాడు, ఇంజినీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, మా బ్లాకులోనే తొమ్మిదో అంతస్తు. ప్రతి శుక్రవారం అయిదింటికి దిగి వస్తాడు, ఇద్దరం కూర్చుని పాటలు వింటాం, మగ్రిబ్ నమాజు వేళకు లేస్తాడు. ఇరవయ్యేళ్ళుగా ఇదే. ఆ రోజు మనవరాలు ఆమ్నాను వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్ల నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు గీసుకుంది, కాత్యాయని పెట్టిన పులిహోర తింది, వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక ఆరిన చట్రం బిగిద్దామని కూర్చున్నాను. చూద్దును కదా, టోపీ నడుమ లోపలికి నొక్కుకుపోయి ఉంది.

స్పీకర్లున్న ప్రతివాడికీ తెలుసు, చిన్నపిల్లలకు ఆ టోపీ కనిపిస్తే వేలు ఊరుకోదని. నేను ఇంకేం ఆలోచించలేదు. ఫోను తీశాను.

"ఖాదిర్ భాయ్, పిల్లని కాస్త చూసుకోవాలి కదా. స్పీకరు నొక్కేసింది."

అటునుంచి మాటలు వినిపించాయి. తాత అడుగుతున్నాడు, పిల్ల సింగపూర్ యాస ఇంగ్లీషులో "నాట్ మీ లా! ఐ నెవర్ టచ్!" అంటోంది.

"అది ముట్టలేదంటున్నది భాయ్" అన్నాడు ఖాదిర్. "మా పిల్ల అబద్ధం చెప్పదు."

"అయితే దయ్యం వచ్చి నొక్కిందా?"

ఖాదిర్ మెల్లిగా, "సరే తియ్యి. ఆ టోపీ ఎక్కడ దొరుకుతదో నేనే తెప్పిస్త" అని పెట్టేశాడు.

కాత్యాయని వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింది. మామూలుగా నేను అలా నోరు పారేసుకుంటే నాలుగు చివాట్లు పెట్టే మనిషి. ఆ రోజు కిక్కురుమనలేదు. నా పక్షాన ఉందనుకున్నాను. అంత తెలివి నాది.

మర్నాటి నుంచి నాకదే పని. గుడ్డ బిగిస్తే గుంట కనిపించదు. కానీ అది అక్కడుందని నాకు తెలుసు కదా. పాట పెడతాను, చట్రం తీస్తాను, చూస్తాను, పెడతాను. ఫోటో తీసుకుని, పాత ఎలక్ట్రానిక్ సామాన్లు బాగుచేసే ఒక చీనా ముసలాయన కొట్టుకు వెళ్ళాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి ఫోటో చూశాడు.

"సౌండ్ సేమ్?"

"సేమే."

"దెన్ ఫిక్స్ ఫర్ వాట్?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాం మనం. ఆయన తన భాషలో అదే అన్నాడు. నేను కదలకపోయేసరికి జాలిపడి ఉపాయం చెప్పాడు: జిగురు టేపు చిన్న ముక్క అంటించి, తొందరపడకుండా, కొంచెం కొంచెంగా బయటికి లాగమన్నాడు. చెయ్యి వణికితే టోపీ చిరుగుతుందని కూడా చెప్పాడు. దాంతో టేపు కొని తెచ్చి, ధైర్యం చాలక, వారం రోజులు సొరుగులో ఉంచాను.

ఆ వారంలోనే ఒక పొద్దున కాత్యాయని కిటికీ ముందు నిలబడి, "ఏమండీ, ఈ చువ్వలు వంగినట్టు లేవూ?" అంది.

"ఇనప చువ్వలు వాటంతటవే ఎందుకు వంగుతాయే?"

"నడుమ కొంచెం వంకర పోయాయి, చూడండి."

నేను చూసి ఊరుకోలేదు. ముప్పై ఒక్కేళ్ళు రేవులో పనిచేసినవాణ్ణి. స్టోర్ రూములోంచి రసమట్టం తెచ్చి ఒక్కో చువ్వకూ ఆనించి, బుడగ నడుమ నిలబడ్డం చూపించి, "చూశావా? వెంట్రుకవాసి తేడా లేదు!" అన్నాను. నెగ్గానని సంబరం కూడా పడ్డాను. ఆవిడ "సరే లెండి" అని లోపలికి పోయింది.

టీ పోసేటప్పుడు కప్పులో చూపుడువేలి కొన పెట్టుకుని పోస్తోంది. ఇదేం శుభ్రమే అని విసుక్కున్నాను. సోమవారం చారులో ఉప్పు రెండుసార్లు పడింది. "నీ పరధ్యానం మండా" అన్నాను. ఒకరోజు నళిని ఫోను చేసింది.

"నాన్నా, చిన్న డెంట్ కోసం ఖాదిర్ అంకుల్‌తో గొడవా? టూ మచ్ లా. అమ్మ గొంతు డల్‌గా ఉందేంటి? ఓకేనా?"

"దానికేం, దుక్కలా ఉంది" అన్నాను.

శుక్రవారం వచ్చింది. అయిదింటికి నేను పాట పెట్టుకుని కూర్చున్నాను. కాత్యాయని అలవాటు కొద్దీ మూడు కప్పులు పెట్టింది. ఆరున్నర దాకా చూసి మూడోది లోపలికి తీసుకెళ్ళిపోయింది. పాట బాగానే ఉంది, వినబుద్ధి కాలేదు. తప్పు వాళ్ళది, నేనెందుకు బాధపడాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అయినా బాధగానే ఉంది.

తొమ్మిదో రోజు ఆదివారం. చెయ్యి నిబ్బరంగా ఉందనిపించి పొద్దున్నే టేపు తీశాను. చట్రం పక్కన పెట్టి నేల మీద కూర్చుని, గోరంత టేపు ముక్కను గుంటలో అద్ది, ఊపిరి బిగబట్టి లాగాను. గుంట కదల్లేదు. టేపు ఊడి వచ్చింది. పారేయబోతూ వెలుతురుకు పెట్టి చూశాను. జిగురు మీద ఎర్రటి పొడి. దాని అంచున లేత పసుపు పొలుసు.

ఇంకో ముక్క అద్దాను. మళ్ళీ ఎరుపు. మూడోదానికీ ఎరుపే. పైకి నల్లగా తుడిచేసినట్టున్న ఆ మడతలో, కుంకుమా గంధమూ ఇరుక్కుని ఉన్నాయి.

ఖాదిర్ మనవరాలి వేలికి కుంకుమ ఎక్కడిది? తలెత్తి చెక్కవైపు చూశాను. ఎడమదాని నొసట తొమ్మిది రోజుల నాటి బొట్టు ఎండి ఉంది. కుడిదాని నొసలు ఖాళీ.

ఒళ్ళు మండింది. నిజం చెబుతున్నాను, మొదట వచ్చింది కోపమే.

"కాత్యాయనీ! ఇలా రా!"

వంటింట్లోంచి వచ్చింది. గోడ మీద చెయ్యి ఆనించుకుంటూ వచ్చిందని ఆ రోజే మొదటిసారి గమనించాను.

"ఇది నీ పనేనా? పసిపిల్లను నేను దొంగను చేస్తుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డావా? ఇదేంటో చూడు!" అని టేపు ముక్క ఆమె మొహం ముందు పెట్టాను.

ఆవిడ టేపువైపు చూడలేదు. నా చెవివైపు చూసింది.

"అటెక్కడో కాదు, ఇటు చూడవే!"

"చూస్తున్నానండీ" అంది. "అలా పక్కకు తిప్పి చూస్తేనే కాస్త కనిపిస్తోంది. తిన్నగా చూస్తే నడుమ ఏమీ లేదు."

నా చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. ఆవిడ సోఫా అంచు తడుముకుని కూర్చుంది.

"శ్రావణం నుంచి ఎడమకన్ను నడుమ మసక. చుట్టూ అంతా కనిపిస్తుంది, మనిషి మొహం ఉండాల్సినచోట మాత్రం ఉండదు. కుడిది బాగానే ఉంది కదా అని సరిపెట్టుకున్నాను. పోయిన నెల నుంచి అదీ మొదలైంది. బొట్టు పెట్టేటప్పుడు ఎడమచేత్తో గుడ్డ అంచు తడుముకుని, దాని పైన పెడతాను. ఆ రోజు గుడ్డ తగల్లేదండీ. చెయ్యి లోపలికి పోయింది. ఏదో గుండ్రంగా తగిలితే నొక్కేశాను. మెత్తగా లోపలికి దిగిపోయింది. భయమేసి కొంగుతో తుడిచాను, ఇంకా దిగింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మా అమ్మ మీకు గుర్తులేదూ?"

గుర్తే. మా అత్తగారు సుబ్బమ్మగారు, కళ్ళు పోయాక పదకొండేళ్ళు కిటికీ పక్క కుర్చీలోనే ఉంది. ఎవరో కంచం పెట్టేవారు, ఎవరో తీసేవారు. అన్నీ అమర్చేవారు, ఏదీ చెయ్యనిచ్చేవారు కాదు.

"చెబితే మీరు కూడా నన్ను కుర్చీలో కూర్చోబెట్టేస్తారు. మార్కెట్టుకు వద్దంటారు, స్టవ్వు వద్దంటారు, ట్రైనెక్కొద్దంటారు. మీ సంగతి నాకు తెలియదూ? స్పీకర్లను చూసుకున్నట్టు చూసుకుంటారు." మళ్ళీ తనే అంది, "ఆ పిల్లను మీరు అంటుంటే నా ప్రాణం పోయింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ తొమ్మిది రోజులు చేశాను. నాకు నిద్ర లేదండీ."

కోపం ఎటుపోయిందో తెలియదు. సిగ్గేసింది. బొటనవేలంత గుంటను వంద రకాల వెలుగుల్లో చూసినవాణ్ణి, ఎదురుగా ఉన్న మనిషి కళ్ళలోకి ఒక్కసారి చూడలేదు. రసమట్టం తెచ్చి చువ్వలకు పెట్టాను! అప్పుడు ఏడ్చాను. ఆవిడే లేచి వచ్చి, చెయ్యి చాచి నా తల వెతుక్కుని నిమిరింది.

నేను ఫోను చేసిన అరగంటలో నళిని టాక్సీలో వచ్చింది. కళ్ళాసుపత్రిలో చుక్కలు వేశారు, ఫోటోలు తీశారు. డాక్టరమ్మ కాత్యాయని చేతిలో ఒక గళ్ళ కాగితం పెట్టి, ఒక కన్ను మూసుకుని చూడమంది. "ఈ గీతలు తిన్నగా ఉన్నాయా, వంకరగా ఉన్నాయా ఆంటీ?" అని అడిగింది.

"వంకరగానే ఉన్నాయి" అంది మా ఆవిడ. ఆ తర్వాత నావైపు తిరిగి, "వీటికీ రసమట్టం పెడతారా?" అంది. నళినికి అర్థం కాలేదు. నేను తల దించుకున్నాను.

కంటి వెనక పొరలో చెమ్మ చేరుతోందట. ఎడమకన్ను నడిమి చూపు ఇక రాదు. కుడిది ఇప్పుడే మొదలైంది, కంట్లో సూదిమందు నెలనెలా వేస్తే చాలామటుకు నిలబడుతుంది. మొదటిది మర్నాడే వేశారు. ఆ సూది సంగతి ఎవరైనా ఎత్తితే నేను ఇప్పటికీ లేచి అవతలికి పోతాను. ఆవిడ మాత్రం బయటికొచ్చి, "ఆకలేస్తోంది, ఎక్కడైనా మకాన్ చేద్దాం" అంది.

అదే వారం ఇద్దరం తొమ్మిదో అంతస్తుకు వెళ్ళాం. నేను చెబుతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఖాదిర్ తలుపు తీశాడు, మా మొహాలు చూసి పక్కకు జరిగాడు. కాత్యాయని ఆమ్నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఆ స్పీకరు నొక్కింది నేనే తల్లీ. నాకు కళ్ళు సరిగ్గా కనిపించడం లేదు. చెప్పడానికి భయపడ్డాను. నీ మీద పడుతుంటే ఊరుకున్నాను. తప్పు నాది."

ఆ పిల్ల నావైపు చూసింది. "ఐ టోల్డ్ యూ వాట్, అంకుల్."

"చెప్పావమ్మా. వినలేదు. సారీ" అన్నాను. అరవై ఏడేళ్ళవాడు ఆరేళ్ళపిల్లకు సారీ చెప్పడం ఏమంత కష్టం కాదు, మొదలుపెట్టడమే కష్టం.

ఖాదిర్ లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. కొత్త టోపీలు, జత. ఎక్కడో దూరదేశం నుంచి తెప్పించాడు.

"రేపే అంటించు భాయ్" అన్నాడు. "శుక్రవారం వచ్చి చూస్త."

ఆ శుక్రవారం వచ్చాడు. తర్వాతి శుక్రవారాలూ వచ్చాడు. "ఎప్పుడంటిస్తవ్?" అని ప్రతిసారీ అడుగుతాడు. కవరు సొరుగులోనే ఉంది. నేను మాత్రం కాత్యాయనిని కుర్చీలో కూర్చోబెట్టలేదు. మొదట్లో కూర్చోబెట్టబోయాను. ఆవిడ సంచీ పట్టుకుని, "నేను మార్కెట్టుకు వెళ్తున్నాను, వెనక రావద్దు" అంటే, లిఫ్టు మూసుకునేదాకా గుమ్మంలో నిలబడి, ఆగలేక కారిడార్లోంచి కిందకు చూస్తూ ఉండేవాణ్ణి. ఆవిడకు నేను కనిపించనని నా ధైర్యం. కిందినుంచే తలెత్తకుండా చెయ్యి ఊపేది.

ఈ ఏడు నవమి వచ్చింది. కుడికన్ను నిలబడింది. మొహాలు కనిపిస్తాయి, పెద్ద అక్షరాలు చదువుతుంది. ఒక్క కంటితో చూసేసరికి దూరం అంచనా మాత్రం అందదు. గ్లాసు అనుకున్నచోటికి ఒక అంగుళం ముందో వెనకో ఉంటుంది.

గంధం అరగదీసి గిన్నె తెచ్చింది. ఎడమదానికి గుడ్డ అంచు తడుముకుని, పైన చెక్క మీద పెట్టింది. కుడిదాని దగ్గరికి వచ్చేసరికి చట్రం లేదు. నేనే ఊడదీసి ఉంచాను.

"మళ్ళీ ఉతికారా? బిగించండి, పెడతాను."

"ఉతకలేదు. దీనికి నడిమధ్యనే పెట్టు."

"పాడైపోదూ?"

"అయ్యేదేదో అయింది. పెట్టు."

గంధంలో వేలు ముంచి చెయ్యి ముందుకు చాచింది. వేలు గాలిలో ఆగింది, ఇంకొంచెం ముందుకు జరిగింది, కాగితం అంచు తగిలి వణికింది. నేను చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాను. వేలు తనంతట తానే గరాటు వాలు మీద జారుతూ టోపీ ఎక్కి, నడిమికి వచ్చి, గుంటలో దిగింది. సరిగ్గా సరిపోయింది. సరిపోక ఏం, ఆ వేలిదే కదా.

"ఇదిగో, ఇక్కడుంది" అంది కాత్యాయని, కళ్ళు మూసుకునే.